అరచేత్తో మూసిన మడవ

పోయిన వారం మా మనవరాలు చిన్ని ఉప్పు జాడీ పగలగొట్టింది. నెల్లూరులో మా అపార్ట్‌మెంటు వంటింట్లో, కింది అరలో, పిల్లకు అందేచోట దాన్ని పెట్టుకోవడం నాదే తప్పు. అందులో ఉన్నది ప్యాకెట్ ఉప్పు కాదు. గూడూరులో ఉంటున్న మా చెల్లెలు బుజ్జి, రెండు రోజులు నాతో ఉండిపోదామని వస్తూ, తెలిసినవాళ్ళను బతిమాలి తెప్పించి సంచిలో మోసుకొచ్చిన కయ్య ఉప్పు. కడగనిది, బూడిదరంగు రాళ్ళు, అడుగున ఇంకా నల్లబురద అంటుకొని ఉన్నది. జాడీ పడిన చప్పుడుకు నేను బాల్కనీలో ఆరేసిన బట్టలు వదిలేసి వచ్చేలోపే, ఆ ఐదేళ్ళ పిల్ల హాలు మధ్యలోకి పరిగెత్తుకొచ్చి గొంతు చించుకుని "అమ్మమ్మా, మడవ తీసినా!" అని అరిచింది. సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్న బుజ్జి తల కూడా తిప్పకుండా "పా, మూసేద్దాం" అని లేచి చీపురు అందుకుంది.

పక్క ఫ్లాటువాళ్ళకు ఈ మాటలు ఇప్పటికీ వింతే. ఉప్పు పండించే మడిని మా వైపు కయ్య అంటారు, కయ్యకీ కయ్యకీ మధ్య గట్టులో నీళ్ళు పారడానికి తీసే చిన్న దారిని మడవ అంటారు. మా ఇంట్లో మాత్రం పిల్లలు గ్లాసు పగలగొట్టినా, పాలు ఒలకబోసినా, పరీక్షలో సున్నా తెచ్చుకున్నా, "మడవ తీసినా" అని వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెప్తారు. చెప్పినవాళ్ళ మీద చెయ్యి పడకూడదు. విన్న పెద్దవాళ్ళు ముందు "పా, మూసేద్దాం" అని, వాళ్ళతో కలిసి పాడైనదాన్ని బాగుచెయ్యాలి. బుద్ధులు చెప్పడం ఏదన్నా ఉంటే ఆ తర్వాతే. చిన్ని ఉప్పు కయ్యను ఒక్కసారైనా చూసింది లేదు, వాళ్ళమ్మా అంతే. మాట మాత్రం వాళ్ళ నోట్లో ఉండిపోయింది.

నేల మీద గొంతుకూర్చుని ఉప్పును చేటలోకి ఎత్తుతుంటే ఆ వాసన గుప్పున తగిలింది. ఉప్పుకి వాసనేమిటి అంటారేమో, ప్యాకెట్ ఉప్పు తిన్నవాళ్ళు అంటారు మరి. ఎండకు కాగిన బురద, నాచు, ఎక్కడో చచ్చిన చిన్న చేప, దూరంగా సరుగుడు ఆకుల మీద నుంచి వచ్చే గాలి, ఇవన్నీ కలిసిన వాసన అది. అప్పటికి నాకు పదేళ్ళు, బుజ్జికి ఆరేళ్ళు. మా పల్లె విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే సరుగుడు తోటలకు అవతల, ఉప్పుటేరు ఒడ్డున ఉండేది.

వానలు పూర్తిగా వెనకబట్టి, మాఘమాసపు ఎండ కాస్త చురుక్కుమనిపించే రోజుల్లో మా కయ్యల పని మొదలయ్యేది. ముందు అడుగు తొక్కాలి. కయ్యలో మట్టిని తడిపి, ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, మడమలతో దబదబ తొక్కుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి పోవడం, మళ్ళీ తిరిగి రావడం. అద్దంలా నున్నగా అయ్యేదాకా, కాళ్ళ కింద మట్టి చప్పుడు మారి గట్టిపడేదాకా, రోజుల తరబడి అదే పని. పెద్దవాళ్ళకు నడుములు పడిపోయేవిగానీ మాకది పండగే. మా అత్త పాట ఎత్తుకునేది, మేం దానికి తగ్గట్టు అడుగులు వేసేవాళ్ళం, బుజ్జి అడుగు ఎప్పుడూ తప్పేది, తప్పినప్పుడల్లా నడ్డి మీద పడేది. సాయంత్రానికి మోకాళ్ళ దాకా బురద ఎండిపోయి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటే, అవి ఎవరికి పెద్దవి ఊడాయో పోటీ పెట్టుకునేవాళ్ళం.

ఆ తర్వాత నీళ్ళు. పోటు వచ్చినప్పుడు ఏటి నీళ్ళను ముందు పెద్ద కయ్యలోకి వదిలేవాళ్ళు. అవి అక్కడ కొన్నాళ్ళు ఎండకు చిక్కబడ్డాక నడిమి కయ్యల్లోకి, ఇంకా చిక్కబడ్డాక చివరగా పంట కయ్యల్లోకి. పొద్దునకు నీటి మీద సన్నటి మీగడలాంటి పొర తేలేది, మధ్యాహ్నానికి అది అడుగుకు దిగి గింజకట్టేది, నాలుగైదు రోజులకు కయ్యంతా తెల్లగా పరుచుకునేది. పొడవాటి కర్రకు చెక్కపలక బిగించి నాయన దాన్ని గట్టు దగ్గరికి లాగుతుంటే వచ్చే గరగర చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కొత్త ఉప్పులో పచ్చిమామిడి ముక్క అద్దుకుని, పులుపుకి ఒక కన్ను మూసుకుని తినడం, నెత్తళ్ళ చేపలు ఎండబెట్టిన ఇసుక మీద కాకుల్ని తోలడం, వేడి సంగటిలో చేపల పులుసు పోసుకుని వేళ్ళు నాక్కోవడం, పోలేరమ్మ పొంగళ్ళప్పుడు అమ్మ పోసే పులిబొంగరాల కోసం పొయ్యి చుట్టూ తిరగడం, వీటిలో ఏది గుర్తొచ్చినా నోరూరుతుంది. లేనివాళ్ళమే, కానీ లేమి అని మాకెవరూ చెప్పలేదు.

మా అత్త పోలమ్మ నాయనకు అక్క. చిన్నవయసులోనే మొగుడు పోతే మా ఇంటికి వచ్చేసింది. ఉప్పు గంప నెత్తిన పెట్టుకుని పైఊళ్ళకు పోయి, ఉప్పు కొలిచి వడ్లు కొలిపించుకుని, పొద్దు వాలేలోగా తిరిగొచ్చేది. బుగ్గన ఆకువక్క, నడుముకి చెక్కిన కొంగు, ఎవరినైనా సరే నిలబెట్టి అడిగే నోరు. కయ్యల మీద నడిచిందంటే గట్టును పుస్తకంలాగా చదివేసేది. మడవ మూయడానికి మా పద్ధతి ఒకటే: మట్టిగడ్డ వేసి, దాని మీద గుప్పెడు గడ్డి వేసి, మడమతో నొక్కి చుట్టూ తిప్పాలి. ఎవరు మూస్తే వాళ్ళ మడమ గుర్తు అక్కడ ఎండి ఉండిపోయేది. నాయనది పగుళ్ళ మడమ, అమ్మది సన్నం, అత్తది వెడల్పు. అత్త చూసి "ఇది మీయమ్మ మూసింది, సరిగ్గా తొక్కలా, కారతా ఉండాది" అని అంత దూరం నుంచే చెప్పేసేది.

ఇక నాయన. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నాయన మంచివాడు. ముంజలు కొట్టుకొచ్చి, వేలితో తోడి, ముందు మా నోట్లో పెట్టి తర్వాతే తను తినేవాడు. తిరణాలకు పోతే ఇద్దర్నీ రెండు భుజాల మీద ఎక్కించుకునేవాడు. కానీ కోపం వచ్చిందంటే ముందు చెయ్యి లేచేది, మాట తర్వాత వచ్చేది. అదొక తప్పని ఆయనకు తెలియదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందరిళ్ళలోనూ అంతే, బళ్ళోనూ అంతే. ఆయన్ని వాళ్ళ నాయన కొట్టిన ఒక దెబ్బకి ఎడమ చెవి వినపడకుండా పోయింది. ఎవరన్నా పిలిస్తే నాయన మొత్తం మనిషే కుడివైపుకు తిరిగేవాడు. ఆ చెవి గురించి చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే, "మా నాయన దెబ్బంటే అట్టుండేది" అని గొప్పగా చెప్పేవాడు.

దెబ్బలు తింటే పిల్లలు దారిలో పడతారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నన్నడిగితే, నేను దెబ్బల వల్ల నేర్చుకున్న విద్య ఒక్కటే, దాచడం. నాయన గడప తొక్కిన తీరును బట్టి ఆయన మనసెట్లా ఉందో చెప్పగలిగేదాన్ని. పగిలిన కుండ పెంకులు ఎక్కడ పూడ్చాలో, చిరిగిన పావడా ఏ బట్టల కింద పెట్టాలో, కళ్ళు ఎటు పెట్టి అబద్ధమాడితే నమ్ముతారో అన్నీ తెలుసు. ఎక్కాలు మాత్రం రాలేదు. అయ్యవారి చేతిలో బెత్తం కనిపిస్తే వచ్చిన ఎక్కం కూడా పోయేది. రెండు దెబ్బలు పడితే చాలు, సిగ్గు విడిచి చెప్తున్నాను, పావడాలోనే పోసుకునేదాన్ని. మా ఆటల్లో కూడా అవే. బడి ఆట అని ఒకటి ఆడేవాళ్ళం, తాటాకు బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, సరుగుడు పుల్లతో వాటిని బాదడమే ఆట. ఒకసారి అత్త గంప దించుతూ ఆ ఆట చూసి, "అదేం చేసిందని కొడతా ఉండావు మే?" అని అడిగింది. ఏం చేసిందో నేనే ఆలోచించలేదు. "ఊరికే" అన్నాను. అత్త ఆకువక్క ఉమ్మి లోపలికి పోయింది.

ఆ సంవత్సరం ఎండాకాలం చివర, వానలకు ముందు వచ్చే ఆఖరి పంట. మూడు పంట కయ్యల్లోనూ ఉప్పు నిండుగా పరుచుకుని ఉంది, మర్నాడు లాగాలి. బడికి పోకముందు పొద్దున్నే ఒక మడవ తీసి మళ్ళీ మూసి రావడం నా పని. బుజ్జి నా పావడా పట్టుకుని వెనకే వచ్చేది. పెద్ద కయ్య గట్టు మీద నిలబడితే, ఎడమ పక్క మడవ తీస్తే నీళ్ళు నడిమి కయ్యలోకి పోతాయి, కుడి పక్క తీస్తే నేరుగా పంట కయ్యలోకి. ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు, కళ్ళు మూసుకుని కూడా తీయగలను. ఆ రోజు బుజ్జి "అక్కా, ఎర్రపీత!" అని అరిచింది. నేను పీతను చూస్తూ, మడమతో కుడివైపు మడవను తన్ని తెరిచేసి, పీత వెనక పరిగెత్తాను.

పీత దొరకలేదు. తిరిగొచ్చి చూస్తే పెద్ద కయ్య పలచటి నీళ్ళు పంట కయ్యలోకి జలజల దూకుతున్నాయి. దానికీ పక్క రెండు కయ్యలకూ మధ్య మడవలు తీసే ఉంచారు, అన్నిటిలోకీ పాకుతున్నాయి. పలచటి నీళ్ళు తగిలితే పేరిన ఉప్పు కరిగిపోతుందని మా ఊళ్ళో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. నాయన ఏటి దగ్గర, కేకపెడితే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. ఒక్క చెవే అయినా కయ్యల మీద కేక ఎక్కడికీ పోదు. అప్పుడే అరిచి ఉంటే ఆయన పరిగెత్తుకొచ్చి, దిగువ గట్టుకు గండి కొట్టి, ఆ నీళ్ళను ఏట్లోకి వదిలేసి ఉండేవాడు. ఉప్పులో చాలా భాగం దక్కి ఉండేది. నోరు తెరిచాను కూడా. గొంతులోంచి శబ్దం రాలేదు.

గబగబా మట్టి తెచ్చి మడవ మూశాను. మడమతో తొక్కబోయి ఆగాను, నా మడమ గుర్తు పడుతుందని. అందుకని మోకాళ్ళ మీద కూర్చుని అరచేతులతో నున్నగా పామి, అసలక్కడ ఎవరూ ఏమీ చేయనట్టు సవరించాను. నా తెలివికి నేనే లోలోపల మెచ్చుకున్నాను. బుజ్జి పక్కనే నిలబడి అంతా చూసింది. "ఎవరికీ చెప్పమాక" అన్నాను. తల ఊపింది. ఇద్దరం బడికి వెళ్ళిపోయాం.

మధ్యాహ్నం బడి వదిలి వచ్చేసరికి కయ్యల్లో ఉప్పు లేదు. మూడు కయ్యల్లోనూ బూడిదరంగు నీళ్ళు, అడుగున అక్కడక్కడా చింకి గుడ్డల్లా మిగిలిన తెల్లమచ్చలు. నాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు, చేతిలో సరుగుడు బెత్తం. "ఎవురు తీసినారు?" అన్నాడు. ఆ గొంతు పెద్దదేం కాదు. నేను "నాకు తెలీదు నాయనా" అన్నాను, కళ్ళు ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టి. బుజ్జి ఏడవడం మొదలుపెట్టింది. ఏడ్చినవాళ్ళే తప్పు చేసినవాళ్ళని ఆయన లెక్క. దాన్ని రెక్క పట్టుకుని లాగి కాళ్ళ మీద కొట్టాడు. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టలేదు. బుజ్జి నా వైపే చూస్తూ ఉంది, అది నాకు తెలుస్తూనే ఉంది, నేను మాత్రం ఏటి వైపు చూస్తూ నిలబడ్డాను. అది నా పేరు చెప్పలేదు.

అత్త పైఊరి నుంచి వచ్చేసరికి బుజ్జి కాళ్ళు వాచిపోయి, పాకలో నీళ్ళకుండ వెనక ముడుచుకుని పడుంది. అమ్మ ఏడుస్తూ జరిగింది చెప్పింది. అత్త ఆముదం కాచి, పసుపు కలిపి, దాని కాళ్ళకు రాసింది. ఆ పిల్ల చిన్న పాదాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత లేచి కయ్యల మీదికి పోయింది. పెద్ద కయ్య గట్టు మీద నిలబడి, "రే రమణయ్యా! ఇట్రా!" అని కేకేసింది. నన్ను కూడా పిలిచింది.

"ఈ గట్టు మీద ఎన్ని మడవలుండాయి?" అని అడిగింది నాయన్ని.

"ఎన్నుంటే ఏందిలే అక్కా ఇప్పుడు."

"అన్నిటి మీదా మడమ గుర్తుండాది. దీని మీద లేదు, చూడు. ఎవురైనా మడవని అరచేత్తో మూస్తారా? మన ఇంటా వంటా ఉందా?"

నాయన వంగి చూశాడు. నున్నగా పామిన ఆ మట్టికి నీళ్ళ వైపు అంచున, నొక్కినప్పుడు పడ్డ వేళ్ళ గుర్తులు ఎండి ఉన్నాయి, చిన్న వేళ్ళు. అత్త నా వైపు తిరిగి, "చెయ్యి పెట్టు" అంది. వంగి, ఆ గుర్తుల్లో చెయ్యి పెట్టాను. సరిపోయింది. అప్పుడు కూడా నేను నోరు తెరిచి "నేనే" అనలేదు. చెయ్యి పెట్టాను, అంతే. పావడా తడిసిపోయింది.

నాయన ముఖంలోకి చూడలేక కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. "పొద్దున్నే అరిచుంటే దిగువన గండి కొట్టుండేవాణ్ణే" అని మాత్రం వినిపించింది, తనలో తను అనుకున్నట్టు.

"అరిచుంటే ముందు ఏం చేసుండేవాడివి?" అంది అత్త.

అత్త వదల్లేదు. "చెప్పరా. నిన్నే అడిగేది."

"కొట్టుండేవాణ్ణి" అన్నాడు నాయన.

"అదీ సంగతి. నీకు భయపడి పిల్ల నోరు మూసుకునింది. నోరు మూసుకున్నందుకు నీ ఉప్పు పోయింది, ఇంకొక పిల్ల ఒళ్ళు పోయింది. మన నాయన దెబ్బకి నీ చెవి పోయింది గదా, నీ దెబ్బకి వీళ్ళ నోరు పోవాల్నా?"

నాయన గట్టు మీద కూలబడ్డాడు. అంత పెద్దమనిషి ఆ మట్టిలోని వేళ్ళ గుర్తుల్ని తన బొటనవేలితో తడుముతూ అట్లా కూర్చుండిపోయాడు. మా నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. దెబ్బలు కొట్టడం గొప్పతనం కాదని ఆయనకు ఎవరో పెద్ద చదువులు చదివినవాళ్ళు చెప్పలేదు, సంతకం పెట్టడం రాని అక్క చెప్పింది. ఆయన విన్నాడు. అక్క చెప్తే, అదీ కూతురి ముందర, తప్పు ఒప్పుకోవడానికి ఎంత మనిషై ఉండాలో నాకు పిల్లలు పుట్టాక గానీ అర్థం కాలేదు.

విన్నంత మాత్రాన అంతా చక్కబడిందనుకుంటున్నారా? అబ్బో! నాయన ఆ సాయంత్రం బుజ్జి దగ్గరికి పోతే, అది రెండు చేతులతో తల కప్పుకుని కుండ వెనక్కి జరిగింది. ఆ తర్వాత నెలల తరబడి అంతే. నాయన తీగ మీది తువ్వాలు తీసుకోవడానికి చెయ్యి ఎత్తినా అది తల కప్పుకునేది. పిలిస్తే పలకదు. కయ్యల మీదికి రాదు. నిద్రలో పక్క తడిపేది. అంతకుముందు రోజంతా వసపిట్టలా వాగే పిల్ల, ఏమడిగినా తల ఊపడం, తల అడ్డంగా తిప్పడం, అంతే. నేను అడిగినా అంతే. బుజ్జి ఇక మాట్లాడదేమోనని అమ్మ పోలేరమ్మకు మొక్కుకుంది. నేను నా బొమ్మల్ని మళ్ళీ ముట్టుకోలేదు.

నాయన ఆ పిల్ల కోసం తన ఒంటిని మార్చుకున్నాడు. ఇంట్లోకి వచ్చేముందు వాకిట్లోనే దగ్గి వచ్చేవాడు. బుజ్జి ఉన్నచోట నిలబడకుండా నేల మీద కూర్చునేవాడు. తువ్వాలు తనే తీసుకోక, "కాస్త అందియ్యి మే" అని అమ్మను అడిగేవాడు. కోపం వచ్చిందంటే రెండు చేతులూ నడుం వెనక పెనవేసుకుని గట్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు, చల్లబడేదాకా. పక్క కయ్యలవాళ్ళు "ఏం రమణయ్యా, ఈ పొద్దు ఎవురి మీద?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "నా మీదే" అనేవాడు. రెండు మూడు సార్లు చెయ్యి లేచింది కూడా, అబద్ధమెందుకు. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని దించుకున్నాడు. మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, "మీరు ఏం చేసినా సరే, చేసిన వెంటనే వచ్చి నాకు చెప్పండి. చెప్పినవాళ్ళని కొడితే నేను మీ నాయన్నే కాదు" అన్నాడు. బుజ్జి వినిందో లేదో తెలియదు, గోడ వైపు చూస్తూ కూర్చుంది.

మళ్ళీ వానలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ మాఘమాసం, మళ్ళీ అడుగు తొక్కడం. అత్త పాట ఎత్తుకుంటే బుజ్జి ఒక రోజు దానంతటదే వచ్చి మా వరసలో నిలబడింది, చివర, నాయనకు దూరంగా. ఎండలు ముదిరి, ఉప్పు పేరిన రోజుల్లో ఒక ఉదయం నేను నడిమి కయ్య దగ్గర ఉన్నాను, నాయన ఏటి దగ్గర ఉన్నాడు. ఉన్నట్టుండి గట్టు మీద నుంచి ఒక కేక. "నాయనా! మడవ తీసినా! నేనే! నేనే తీసినా!"

బుజ్జి గొంతు. ఎన్ని నెలల తర్వాతో విన్న గొంతు. కుడి పక్క మడవ తెరుచుకుని నీళ్ళు పారుతున్నాయి, అది గట్టు మీద నిలబడి, పిడికిళ్ళు బిగించి అరుస్తూనే ఉంది. నాయన పరిగెత్తుకొచ్చాడు. వచ్చిన ఊపుకి బుజ్జి చేతులు తల మీదికి పోయాయి. నాయన దాని ముందు ఆగి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆయాసపడుతూ, "పా తల్లీ, మూసేద్దాం" అన్నాడు. ఇద్దరూ కలిసి మట్టి వేశారు. దాని చిన్న మడమ పెట్టించి, దాని మీద తన మడమ పెట్టి తొక్కాడు. దిగువ గట్టుకు గండి కొట్టి నీళ్ళు వదిలారు. మూలన కాస్త కరిగింది, మిగతాదంతా దక్కింది. ఆ రోజు మధ్యాహ్నం బుజ్జి సంగటి తింటూ పొద్దుటి కథను ఆరుసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ నీళ్ళు ఇంకాస్త ఎక్కువయ్యాయి. అత్త ఆకువక్క నములుతూ వింటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది, అమ్మా నాయనా పోయారు. నేను పిల్లల్ని కన్నాను, బుజ్జి కన్నది, మా పిల్లలు కన్నారు. మా చేతులు లేవలేదని చెప్పను, లేచినప్పుడల్లా నడుం వెనక పెనవేసుకున్న నాయన చేతులు గుర్తొచ్చి దిగాయి. అందుకు అత్తకూ నాయనకూ ఎన్ని దండాలు పెట్టుకున్నా తక్కువే. పోయినేడు నేనూ బుజ్జీ కారు మాట్లాడుకుని మా పల్లెకు పోయాం. కయ్యల జాడే లేదు. ఏటి పొడవునా రొయ్యల గుంటలు, వాటి మీద వలలు, నీళ్ళలో తిరిగే చక్రాల హోరు, లోపలికి రాకూడదని చెప్పే ఒక కాపలాదారు. సరుగుడు తోటలు సగమే మిగిలాయి. గట్లన్నీ యంత్రంతో వేసినవి, మనిషి మడమ పడని గట్లు. బతిమాలితే కాపలాదారు ఒడ్డున నిలబడనిచ్చాడు. మా పెద్ద కయ్య ఎక్కడుండేదో మా ఇద్దరికీ కుదరలేదు, పోట్లాడుకుంటూ తిరిగొచ్చాం.

జాడీ పగిలిన ఆ మధ్యాహ్నం, చిన్ని చేత కూడా నాలుగు పెంకులు జాగ్రత్తగా ఏరించి, దాన్ని నిద్రపుచ్చాక, నేనూ బుజ్జీ వంటింట్లో చేట ముందు వేసుకుని ఉప్పులోంచి పింగాణీ ముక్కలు ఏరుతున్నాం. పారెయ్యమంటే బుజ్జి వినదు. నాకు చిన్ని గొంతే చెవుల్లో తిరుగుతోంది. పగలగొట్టిన మరుక్షణం ఎంత తేలిగ్గా అరిచేసింది! ఆ మాట మా ఇంట్లో అందరూ అన్నారు, మా పిల్లలు, మనవలు, ఒకసారి అన్నం మాడ్చి మా అమ్మ కూడా అంది. అననిది నేనొక్కదాన్నే.

"బుజ్జీ, మడవ తీసినా" అన్నాను.

"మళ్ళీ ఏం పగలగొట్టినావు?" అంది, చేట మీది నుంచి తల ఎత్తకుండా.

"ఇప్పుడు కాదు. ఆ రోజు. నేనే తీసినా. తీసి, తెలీదని చెప్పినా."

బుజ్జి చెయ్యి ఆగింది. నేను ఆపలేదు, ఆపితే మళ్ళీ నోరు రాదని భయం. "నువ్వెందుకు నా పేరు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే నిన్ను కొడతాడు గదా. నువ్వేమో రెండు దెబ్బలకే పావడా తడుపుకునేదానివి." చేటలోంచి ఇంకొక పింగాణీ ముక్క ఏరి పక్కన పెట్టింది. "దెబ్బలు నాకు గుర్తే లేవు అక్కా. నువ్వు నా వైపు చూడలా. అది గుర్తుండాది."

అప్పుడు చూశాను. జుట్టు నెరిసింది, ముఖం అచ్చం అత్తది. నా కళ్ళలో నీళ్ళకు అది మసకబారింది కానీ, చూపు తిప్పుకోలేదు. బుజ్జి చేతులకు అంటిన ఉప్పు దులుపుకుని, నా చెయ్యి పట్టుకుని, చేటను మా ఇద్దరి మధ్యకు జరిపింది.

"సరే, పా, మూసేద్దాం" అంది.